విదేశాలకు వెళ్లే ముందు సర్టిఫికెట్లకు అటెస్టేషన్, అపోస్టిల్ చేయించుకోవడం ఎలా?

నా ఇంటర్ మెమో చేతికొచ్చిన రోజే నాన్న దాన్ని జిరాక్స్ షాపుకి తీసుకెళ్లి లామినేషన్ చేయించారు, పాడవకుండా ఉంటుందని. పన్నెండేళ్ల తర్వాత ఖతార్‌లో ఉద్యోగం వచ్చింది. అటెస్టేషన్‌కి, అంటే సర్టిఫికెట్ మీది సంతకం నిజమైనదేనని అధికారుల ముద్ర వేయించుకోవడానికి, ఆ మెమో ఇస్తే కౌంటర్‌లో ఉన్నాయన అటూ ఇటూ తిప్పి చూసి, "స్టాంపు ఎక్కడ వేయమంటారండీ దీని మీద?" అన్నాడు. ప్లాస్టిక్ మీద సిరా నిలవదు కదా. ఇంట్లో ఒక మూల నుంచి మెల్లగా పీకి చూశాను. ప్లాస్టిక్‌తో పాటు అక్షరాలూ లేచి వచ్చాయి. ఆ మెమో సరెండర్ చేసి డూప్లికేట్ తెచ్చుకునేసరికి నెల దాటింది. మీ ఇంట్లో ఇంకా లామినేషన్ చేయని సర్టిఫికెట్లు ఏమైనా మిగిలుంటే, వాటిని దయచేసి అలాగే ఉండనివ్వండి.

ముందు తేల్చుకోవాల్సింది: ఏ దేశానికి, ఎవరు అడిగారు?

చాలామంది ఇది తేల్చుకోకుండానే ఏజెంట్ దగ్గరికి పరిగెత్తుతారు. ఒక్కో దేశానికి ఒక్కో దారి ఉంటుంది.

విదేశీ పత్రాల ధ్రువీకరణ గురించిన 1961 నాటి హేగ్ ఒప్పందంలో ఉన్న దేశాలకైతే అపోస్టిల్ అనే ఒక్క ధ్రువీకరణ సరిపోతుంది. ఇండియాకు ఈ ఒప్పందం 2005 జులై 14 నుంచి అమల్లోకి వచ్చింది. మన విదేశాంగ శాఖ సర్టిఫికెట్ వెనక చతురస్రాకారపు స్టిక్కర్ అంటిస్తుంది. ఆ తర్వాత ఆ దేశపు ఎంబసీ గడప తొక్కక్కర్లేదు. ఒమన్, బహ్రెయిన్ ఎప్పటినుంచో ఈ జాబితాలో ఉన్నాయి. సౌదీ 2022 డిసెంబర్‌లో, చైనా 2023 నవంబర్‌లో, కెనడా 2024 జనవరిలో చేరాయి. అందుకే పదేళ్ల కిందట సౌదీ వెళ్లిన బాబాయ్ చెప్పిన పద్ధతి ఇప్పుడు మీకు పనికిరాదు.

యూఏఈ, ఖతార్, కువైట్ ఈ ఒప్పందంలో లేవు. వాటికి విదేశాంగ శాఖ అటెస్టేషన్ అయ్యాక ఆ దేశపు ఎంబసీ లేదా కాన్సులేట్ ముద్ర కూడా ఉండాలి.

జర్మనీ సంగతి వేరు. ఆ దేశం ఒప్పందంలో ఉన్నా, ఇండియా చేరినప్పుడు అభ్యంతరం చెప్పింది కాబట్టి మన అపోస్టిల్ అక్కడ చెల్లదు. జర్మనీలో చదువుకోవడానికి వెళ్లే విద్యార్థులకు 2022 నవంబర్ 1 నుంచి ఏపీఎస్ (చదువు కాగితాలను పరిశీలించే జర్మన్ విభాగం) సర్టిఫికెట్ తప్పనిసరి అయింది. జర్మనీ వెళ్లే పిల్లల చేత కూడా డబ్బు కట్టించి అపోస్టిల్ చేయించే ఏజెంట్లు ఉన్నారు, జాగ్రత్త.

అమెరికాలో ఎమ్మెస్‌కి వెళ్లేవాళ్లకు మామూలుగా ఈ గొడవే ఉండదు. యూనివర్సిటీ నుంచి సీల్డ్ కవర్లో ట్రాన్స్‌క్రిప్ట్స్, అడిగితే డబ్ల్యూఈఎస్ (వరల్డ్ ఎడ్యుకేషన్ సర్వీసెస్) లాంటి సంస్థ మన చదువును అక్కడి చదువుతో పోల్చి ఇచ్చే ఇవాల్యుయేషన్, అంతే. మీ కాలేజీ గానీ కంపెనీ గానీ ఏం అడిగిందో మెయిల్లో రాయించుకుని, ఆ మెయిల్ దాచుకోండి. డిగ్రీ ఒక్కటి చాలా, మార్క్స్ మెమోలు కూడా కావాలా అన్నది కూడా అందులోనే తేలాలి. అడగని వాటికి అటెస్టేషన్ చేయిస్తే డబ్బు దండగ.

పేర్లు సరిచూసుకోండి

తెలుగువాళ్లకు ఇది పెద్ద తలనొప్పి. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు పూర్తిగా ఉంటుంది, డిగ్రీలో ఒక్క ఇనిషియల్‌గా మిగులుతుంది, పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడిలోకి వెళ్తుంది. ఒకచోట 'లక్ష్మి' చివర ఐ, ఇంకోచోట వై. పాస్‌పోర్ట్, టెన్త్ మెమో, ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) మూడింటినీ టేబుల్ మీద పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూడండి. పుట్టిన తేదీ, తండ్రి పేరు కూడా చూడండి. తప్పు ఉంటే ముద్రలు పడకముందే యూనివర్సిటీలోనో బోర్డులోనో కరెక్షన్ చేయించాలి. అన్ని ముద్రలూ పడ్డాక కొత్త సర్టిఫికెట్ తీసుకుంటే మళ్లీ మొదటికే వస్తుంది.

డిగ్రీకి ప్రొవిజనల్ మాత్రమే ఉంటే ఓడీకి ఇప్పుడే అప్లై చేయండి. ప్రొవిజనల్ ఒప్పుకోని ఎంబసీలు, కంపెనీలు ఉన్నాయి.

ఇన్ని ఆఫీసులు ఎందుకు?

ఢిల్లీలో కూర్చున్న అధికారికి మీ యూనివర్సిటీ ఎగ్జామ్ కంట్రోలర్ సంతకం ఎలా ఉంటుందో తెలియదు. రాష్ట్ర సచివాలయంలో అధికారి సంతకం నమూనా మాత్రం ఆయన దగ్గర ఉంటుంది. ఎంబసీ వాళ్లకు విదేశాంగ శాఖ సంతకం తెలుసు. ఒక్కొక్కరూ తమ ముందున్న సంతకం నిజమని చెప్పడమే ఇక్కడ జరిగేది. అందుకే వరస తప్పకూడదు, మధ్యలో ఒక మెట్టు దాటేయకూడదు. సర్టిఫికెట్లో ఉన్న చదువు గొప్పదా కాదా అన్నది ఈ ముద్రలు చెప్పవు. మీ డిగ్రీకి ఆ దేశంలో ఈక్వివలెన్స్ (అక్కడి డిగ్రీతో సమానమన్న గుర్తింపు) కావాలంటే అది వేరే పని.

1. యూనివర్సిటీ లేదా బోర్డు వెరిఫికేషన్. ఓడీ, మెమోలు నిజమైనవే అని ఎగ్జామ్ బ్రాంచ్ నుంచి జెన్యూనెస్ లెటర్ తీసుకోవాలి. ఇంటర్, టెన్త్‌కి ఆయా బోర్డుల దగ్గర. 2014కి ముందు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చదివినవాళ్లు మీ కాలేజీ ఇప్పుడు ఏ రాష్ట్రంలో ఉందో చూసుకుని, ఏ బోర్డుకి వెళ్లాలో ముందుగా ఫోన్ చేసి కనుక్కుని బయల్దేరండి. నిజానికి ఎక్కువ రోజులు తినేది ఈ మెట్టే. పరీక్షల సీజన్లో వెళ్తే ఎవరూ పట్టించుకోరు. ఫీజు కట్టిన రసీదు, హాల్ టికెట్ నంబరు, పాసైన సంవత్సరం ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, ప్రతి కౌంటర్లోనూ అవే అడుగుతారు.

2. రాష్ట్ర ప్రభుత్వ అటెస్టేషన్. దీన్నే అందరూ హెచ్‌ఆర్‌డీ (మానవ వనరుల అభివృద్ధి) అంటారు. మీరు ఉంటున్న రాష్ట్రం కాదు, సర్టిఫికెట్ ఇచ్చిన రాష్ట్రం లెక్క. ఊరు తిరుపతి, బీటెక్ చెన్నైలో అయితే డిగ్రీకి తమిళనాడు, ఇంటర్‌కి ఆంధ్రప్రదేశ్. పెళ్లి, పుట్టిన సర్టిఫికెట్లకు ఈ మెట్టు దగ్గర శాఖ మారుతుంది, చదువు కాగితాలతో కలిపి ఇవ్వకండి.

3. విదేశాంగ శాఖ. 2012 జులై నుంచి జనం దగ్గర నేరుగా కాగితాలు తీసుకోవడం మానేశారు. శాఖ నియమించిన కలెక్షన్ ఏజెన్సీల్లో ఇవ్వాలి. వాటి జాబితా శాఖ వెబ్‌సైట్లోనే ఉంటుంది. ఒకప్పుడు అంతా ఢిల్లీకే వెళ్లేది, ఇప్పుడు హైదరాబాద్‌లోని శాఖ బ్రాంచ్ సెక్రటేరియట్‌లో కూడా చేస్తున్నారు. ఒరిజినల్, దాని జిరాక్స్, పాస్‌పోర్ట్ కాపీ పట్టుకెళ్లాలి. అపోస్టిల్‌కి ప్రభుత్వ ఫీజు డాక్యుమెంట్‌కి 50 రూపాయలు. సాధారణ అటెస్టేషన్‌కి ఫీజు లేదు. ఏజెన్సీ సర్వీస్ ఛార్జి, స్కానింగ్ ఛార్జి వేరు.

4. ఎంబసీ. హేగ్ ఒప్పందంలో లేని దేశాలకు మాత్రమే. అసలు ఖర్చు ఇక్కడ తగులుతుంది. యూఏఈ అయితే అక్కడ దిగాక ఆ దేశపు విదేశాంగ శాఖ ముద్ర కూడా పడాలి. దాన్ని చాలా కంపెనీల పీఆర్వోలే (కంపెనీ తరఫున ప్రభుత్వ పనులు చూసేవాళ్లు) చేయించి పెడతారు.

ఏజెంట్‌కి ఇవ్వొచ్చా?

ఇవ్వొచ్చు. సెలవులు పెట్టి తిరగలేనివాళ్లకు వేరే దారి ఏముంది? కానీ ఒక్క ప్రశ్న అడగండి: "రాష్ట్ర హెచ్‌ఆర్‌డీ ద్వారా చేయిస్తారా, ఢిల్లీలో ఎస్‌డీఎం ద్వారా చేయిస్తారా?" రెండోది, అంటే సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ ముద్ర, త్వరగా అయిపోతుంది, చవక కూడా. అయితే గల్ఫ్ ఎంబసీల దగ్గర హెచ్‌ఆర్‌డీ ముద్ర లేదని వెనక్కి వచ్చిన డిగ్రీలు నా స్నేహితుల్లోనే రెండు ఉన్నాయి. ఒరిజినల్స్ ఇచ్చేటప్పుడు సీరియల్ నంబర్లతో సహా రసీదు రాయించుకోండి. ఎంబసీ ఫీజు ఎంత, ఆయన ఛార్జి ఎంత అని విడిగా అడగండి. మొత్తం కలిపి ఒకే అంకె చెప్తే ప్రభుత్వ ఫీజు ఎంతో మీకెప్పటికీ తెలియదు.

ఇప్పటికే విదేశంలో ఉన్నవాళ్లు ఇంట్లోవాళ్ల పేరు మీద ఆథరైజేషన్ లెటర్ రాసి, పాస్‌పోర్ట్ కాపీ జతచేసి పంపితే పని నడుస్తుంది. ఒరిజినల్స్ మామూలు కొరియర్లో కాకుండా, వచ్చేవాళ్ల చేతికిచ్చి పంపడమే నయం. మా అత్తమ్మగారు దోహా వచ్చినప్పుడు నా ఓడీని ఆవకాయ జాడీ ఉన్న పెట్టెలో కాకుండా హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుని మరీ తెచ్చారు.

కాగితాలు తిరిగి చేతికొచ్చాక స్టిక్కర్ మీద మీ పేరు, డాక్యుమెంట్ రకం సరిగ్గా ఉన్నాయో కౌంటర్ దగ్గరే చూసుకోండి. అపోస్టిల్ నంబరును విదేశాంగ శాఖ ఆన్‌లైన్ రిజిస్టర్‌లో కొట్టి చూడండి. వివరాలు కనపడకపోతే ఆ రోజే తిరిగి అడగండి. రెండు వైపులా కలర్ స్కాన్ చేసి మీ మెయిల్‌కి పంపుకోండి. స్టిక్కర్ మీద పంచింగ్ మిషన్ పడకుండా, మడత లేకుండా గట్టి ఫోల్డర్‌లో పెట్టండి.