మృగశిర రాకముందే మట్టి చూపించండి: కర్నూలు రేగడిలో ఇల్లు కట్టేవాళ్ళకు జాగ్రత్తలు

మే నెల వచ్చిందంటే మా మట్టి, కాంక్రీటు పరీక్షల ల్యాబ్ ఫోన్ మోగుతూనే ఉంటుంది. "సార్, వానలు పడేలోపు పునాది లేపేయాలి, మట్టి రిపోర్టు రేపటికి దొరుకుతుందా?" అని. దొరకదు. మట్టి ఓవెన్‌లో ఆరడానికి ఒక రోజు, నీళ్ళలో ఉబ్బడానికి ఇంకో రోజు, మిగతా పరీక్షలకు మరికొన్ని రోజులు పడుతుంది. జూన్ మొదటి వారం దాటగానే మృగశిర కార్తె వచ్చేస్తుంది. ఈ ఏడు ఇల్లు మొదలుపెట్టాలనుకునేవాళ్ళు మే మొదట్లోనే పరీక్షకు మట్టి కోసం గుంత తీయించుకుంటే తర్వాత టెన్షన్ ఉండదు.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. మా వైపు రోళ్ళకంటే ముందు రేగడి పగులుతుంది. ఆదోని దారిలో ఏ ఖాళీ ప్లాటు చూసినా నెర్రెలు చెయ్యి దూరేంత వెడల్పుంటాయి. (చెయ్యి మాత్రం పెట్టకండి, ఎండకు తాళలేక తేళ్ళు, పాములు అందులోనే దూరతాయి.) గడ్డపార వేస్తే ఠంగుమని ఎగిరి వస్తుంది. అది చూసి "నేల రాయిలా ఉంది, ఇంక పరీక్ష దేనికి?" అంటారు బేల్దారి మేస్త్రీలు. అనుభవం ఉన్నవాళ్ళు కూడా మోసపోయేది ఇక్కడే. ఆ గట్టిదనమంతా నేల ఎండిపోవడం వల్ల వచ్చింది. రేగడిలో మాంట్‌మోరిల్లోనైట్ అనే బంకమట్టి ఖనిజం ఉంటుంది. అది పొరల మధ్యకు నీళ్ళు పీల్చుకుని ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుపోతుంది. ఇంట్లో బాత్‌రూమ్ ఉన్న మూల ఏడాదంతా తడిగా ఉండి, ఎదురు మూల ఎండకు ఆరిపోయిందనుకోండి, ఒక మూల లేస్తుంది, ఇంకో మూల దిగుతుంది. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పగుళ్ళు పాకేది అందుకే. బరువైన పెద్ద బిల్డింగు కంటే ఒక్క అంతస్తు ఇంటికే ఈ బాధ ఎక్కువ, ఉబ్బే మట్టిని అణిచి ఉంచే బరువు దానికి లేదు.

కాబట్టి మట్టి పరీక్షలో మొదటి జాగ్రత్త గుంత దగ్గరే తీసుకోవాలి. మెషిన్ ఎంత మంచిదైనా, సంచిలో వచ్చిన మట్టి సంగతే చెప్తుంది. పైన అడుగు లోతులో గోకి తెచ్చిన మట్టితో మీ పునాది గురించి ఏమీ తెలియదు. ప్లాటులో కనీసం రెండు చోట్ల తీయించండి, పునాది అడుగు ఎక్కడికి వస్తుందో అక్కడా, ఇంకాస్త కిందా. రంగు మారిన ప్రతి పొరకూ వేరే సంచి. పైన రేగడి, నాలుగైదడుగుల కింద తెల్ల సుద్ద, ఆ కింద గరుసు ఉంటే మూడూ విడివిడిగా రావాలి. ప్లాస్టిక్ కవర్లో గట్టిగా కట్టి, ఏ గుంత, ఎంత లోతు, ఏ తేదీ అని చీటీ రాసి లోపలొకటి, బయటొకటి పెట్టండి. బైకు మీద ఎండలో ఊరంతా తిప్పి సాయంత్రం తెస్తే అందులోని తేమ ఎగిరిపోతుంది, తేమ లెక్క తప్పుతుంది.

గుంతలోకి మనిషిని దించేటప్పుడు ఇంకా జాగ్రత్త. ఎండిన రేగడి గోడ నిటారుగా, చూడ్డానికి ధైర్యం ఇచ్చేలా నిలబడుతుంది. కానీ లోపల నెర్రెలుంటాయి కదా, పలకలు పలకలుగా విరిగిపడుతుంది. అయిదడుగులు దాటితే గోడలకు దాపు పలకలు కట్టకుండా, లేదా వాలుగా తవ్వకుండా ఎవరినీ దించొద్దు. తవ్విన మట్టి కుప్ప అంచుకు అయిదడుగుల దూరంలోనైనా ఉండాలి. కూలీ మనిషి గుంతలో ఉంటే జేసీబీని దగ్గరకు రానివ్వొద్దు.

ల్యాబ్‌కు వచ్చాక రేగడికి తప్పనిసరిగా అడగాల్సింది ఉబ్బే గుణం పరీక్ష, మేం ఫ్రీ స్వెల్ అంటాం. చాలా చిన్న పరీక్ష. ఆరబెట్టి సన్న జల్లెడ పట్టిన మట్టి పదేసి గ్రాములు, రెండు గాజు జాడీల్లో వేస్తాం. ఒకదాంట్లో కిరోసిన్, రెండోదాంట్లో డిస్టిల్డ్ వాటర్. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు, అందుకే అది కొలబద్ద. నీళ్ళ జాడీలో మొదట బుడగలు లేస్తాయి. గంట గడిచేసరికి మట్టి పైభాగం మెత్తబడి, గంజిలా మబ్బుగా పైకి జరుగుతూ ఉంటుంది. 24 గంటలయ్యాక చూస్తే కిరోసిన్‌లో 11 మిల్లీలీటర్ల గీత దగ్గరే ఉన్న మట్టి, నీళ్ళలో 20 గీత దగ్గర ఉంటుంది. తేడా 9, దాన్ని 11తో భాగిస్తే 82 శాతం. 50 దాటితే చాలు, జాగ్రత్త పడాలి. మొన్నటిదాకా గడ్డపార దిగని మట్టి అది. ఇంటి యజమాని దగ్గరుంటే ఆ రెండు జాడీలూ పక్కపక్కన పెట్టి చూపిస్తాను, ఇంక వేరే చెప్పక్కర్లేదు. దీంతో పాటు జల్లెడ పరీక్ష, లిక్విడ్ లిమిట్ (ఎంత తేమకు మట్టి జారుడుగా మారుతుందో), ప్లాస్టిక్ లిమిట్ (ఎంత తేమ దాకా పొడిపొడి కాకుండా ముద్దగా నిలుస్తుందో) చేయించండి. రెండు మూడు అంతస్తులు వేసే ఆలోచన ఉంటే బోరు వేసి ఎస్‌పీటీ (లోతులో నేల గట్టిదనం చూసే పరీక్ష) కూడా: 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలి, 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టిందో లెక్కపెడతారు.

ఉబ్బే గుణం ఎక్కువని తేలితే మామూలు ఫుటింగ్ వేయాలా, కింద గుండ్రంగా వెడల్పయ్యే అండర్ రీమ్డ్ పైల్ వేయాలా అన్నది ఇంజనీర్ చెప్పాలి, పక్కింటివాళ్ళను చూసి వేయకండి. తవ్విన రేగడిని మాత్రం తిరిగి ప్లింత్‌లో (ఇంటి గచ్చు కింద) నింపొద్దు. గరుసు తోలించి, జానెడు మందం పొరలుగా తడిపి రోలర్‌తో గానీ, ర్యామర్‌తో గానీ దట్టించాలి. నీళ్ళు కట్టి వారం వదిలేస్తే కూర్చుంటుందన్న మాట గరుసుకు సరిపోదు. ల్యాబ్‌లో వచ్చిన గరిష్ఠ సాంద్రతలో 95 శాతం ఫీల్డ్‌లో వచ్చిందో లేదో పొర పొరకూ చూడాలి. రాళ్ళు కలిసిన గరుసులో కోర్ కట్టర్ (సాంద్రత కొలవడానికి మట్టిలోకి దించే ఇనుప గొట్టం) సరిగా దిగదు, ఇసుక పోసి కొలిచే పద్ధతే నయం. ఆ ఇసుక ఎండుగా ఉండాలి. తొలకరి జల్లుకు తడిసిన ఇసుకతో చేసిన లెక్క పారేయాల్సిందే.

ఇక కాంక్రీటు. 42 డిగ్రీల ఎండలో మిల్లర్ నుంచి తట్ట చేరేలోపే కాంక్రీటు గట్టిపడినట్టు అనిపిస్తుంది, వెంటనే ఎవరో ఒకరు బకెట్ నీళ్ళు గుమ్మరిస్తారు. అది ఆపగలిగితే సగం గెలిచినట్టే. కంకర మీద ముందురోజు రాత్రి నీళ్ళు చల్లండి, పని తెల్లవారుజామున మొదలుపెట్టండి, స్లంప్ (తడి కాంక్రీటు ఎంత జారుగా ఉందో) చూసిన తర్వాతే పోయనివ్వండి.

కాంక్రీటు బలం చూడ్డానికి పోసే దిమ్మలు, అదే క్యూబుల విషయంలో నా కళ్ళ ముందు జరిగింది చెప్తాను. నేను ఈ పనిలో చేరిన కొత్తలో ఒక సైటు నుంచి వచ్చిన 7 రోజుల క్యూబులు బాగా తక్కువ చూపించాయి. ఇంటాయన పాపం, రిటైరయ్యాక వచ్చిన డబ్బంతా పెట్టి కడుతున్నాడు, స్లాబ్ పగలగొట్టాలేమోనని రెండు రాత్రులు నిద్రపోలేదు. సైటుకు వెళ్ళి అడిగితే తెలిసింది: క్యూబులు మౌల్డ్ నుంచి తీశాక రేకుల షెడ్డు పక్కన ఎండలో పడున్నాయి, ల్యాబ్‌కు తెచ్చే ముందురోజు మాత్రం తొట్టిలో ముంచారు. స్లాబ్ నుంచి కోర్ (గుండ్రటి ముక్క) కోసి తీసి పరీక్షిస్తే బాగానే ఉంది. కానీ ఆ ఖర్చూ, ఆ నిద్ర లేని రాత్రులూ ఊరికే పోయాయి. క్యూబ్ పోశాక 24 గంటలు నీడలో తడి గోనెసంచి కప్పి ఉంచాలి, మౌల్డ్ తీయగానే నీళ్ళలో వేయాలి, పరీక్ష రోజు దాకా అందులోనే ఉండాలి. తొట్టి నీడలో ఉండాలి, నీళ్ళు 27 డిగ్రీల దగ్గర ఉండాలి.

దీనికి ఎదురు మోసం ఇంకా ప్రమాదం. ల్యాబ్ కోసమని సిమెంటు ఎక్కువేసి క్యూబులు వేరుగా చేసేవాళ్ళున్నారు. స్లాబ్‌లోకి వెళ్తున్న తట్టలోంచే మీ ఎదురుగా క్యూబ్ నింపించండి, మూడు పొరలు, పొరకు 35 పోట్లు. తేదీ, చోటు, మీ సంతకం తడి మీదే వేయండి. ఎం20 రకం కాంక్రీటుకు 28 రోజులకు 15 సెంటీమీటర్ల క్యూబ్ ఒక్కోటి దాదాపు 450 కిలోన్యూటన్లు మోయాలి. 7 రోజులకు అందులో మూడింట రెండు వంతులు, అంటే 300 వస్తే దారిలో ఉన్నట్టే. మెషిన్ దగ్గర నిలబడి ముల్లు చూసే హక్కు మీకుంది. కాస్త దూరంగా నిలబడండి, పగిలేటప్పుడు ముక్కలు చిమ్ముతాయి.

వానలు మొదలయ్యాక ఇసుకతో పేచీ. కొంచెం తడిసిన ఇసుక పాతిక శాతం దాకా పొంగుతుంది, తట్టల లెక్కన కలిపితే ఇసుక తక్కువ పడుతుంది. ఒండ్రు చూడాలంటే గాజు గ్లాసులో సగం ఇసుక, నీళ్ళు, చిటికెడు ఉప్పు వేసి కుదిపి మూడు గంటలు పక్కన పెట్టండి. పైన పేరుకున్న ఒండ్రు, ఇసుక ఎత్తులో 8 శాతం దాటితే కడిగించండి, లేదా వెనక్కి పంపండి. సిమెంటు బస్తా మీద తేదీ మూడు నెలలు దాటి ఉంటే మళ్ళీ పరీక్షించకుండా వాడొద్దు. 12 ఎంఎం కమ్మీ మీటరు ముక్క తూకం 888 గ్రాముల దగ్గర రావాలి.

హంద్రీ, తుంగభద్ర ఒడ్డు దగ్గర కట్టేవాళ్ళకు మరో మాట. మేలో తీసిన గుంత పొడిగా ఉండొచ్చు, రిపోర్టులో నీటిమట్టం కనపడలేదని రాయొచ్చు. 2009 అక్టోబరు వరదలో మన కర్నూల్లో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో ఆ వీధి పెద్దవాళ్ళను అడిగి ఇంజనీర్‌కు చెప్పండి. ఇసుక, గరుసు నేలల్లో పునాది దాకా నీళ్ళెక్కితే మోసే బలం సగానికి పడిపోవచ్చు.

పరీక్ష అయిపోగానే గుంతల సంగతి అందరూ మర్చిపోతారు. మొదటి గట్టి వానకు అవి నిండుతాయి, చుట్టూ రేగడి జారుతుంది, పక్క వీధి పిల్లలు ఆడుకునేది అక్కడే. మట్టి తీసిన రోజే చుట్టూ కంప వేయించండి, ఇంజనీర్ చూసిన మర్నాడే పూడ్పించండి. ఆ గుంత రేపు పిల్లర్ కిందకు వచ్చేలా ఉంటే గరుసుతో పొరలుగా దట్టించి పూడ్చి, అదెక్కడుందో ప్లాన్ కాగితం మీద గుర్తు పెట్టించండి.