ఒక సెమిస్టర్ ముందే డిగ్రీ: గ్రౌండ్‌లో ఉండేవాళ్లు క్రెడిట్లు సర్దుకునే పద్ధతి

మాది ఒంగోలు. చెన్నై శివార్లలో ఒక ప్రైవేట్ యూనివర్సిటీలో బయోటెక్నాలజీ బీటెక్ చేశాను. నా ఈవెంట్ 400 మీటర్ల హర్డిల్స్. నాలుగేళ్ల కోర్సు ఏడు సెమిస్టర్లలో అయిపోయింది. ఇప్పుడు స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం చేస్తూ పెరంబూరులో ఉంటున్నాను. ఆదివారాలు ట్రాక్ దగ్గర నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి వచ్చి చదువుకునే పిల్లలు కలుస్తుంటారు. "అక్కా, మాకు ఉన్న సబ్జెక్టులు పాస్ కావడమే కష్టంగా ఉంది, మీరు ముందే ఎలా పూర్తి చేశారు?" అని అడుగుతారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందే పూర్తి చేయడమంటే ప్రతి సెమిస్టర్‌లో అందరికంటే ఎక్కువ సబ్జెక్టులు నెత్తిన వేసుకోవడం అనుకుంటారు. సీజన్ మధ్యలో అలా చేస్తే చదువూ పోతుంది, టైమింగూ పోతుంది. మా కోర్సు మొత్తం 160 క్రెడిట్లు (ఒక్కో సబ్జెక్టు పాసైతే లెక్కలో చేరే పాయింట్లు), అంటే సెమిస్టర్‌కు సగటున 20. ఒక సెమిస్టర్ తగ్గాలంటే ఆ 20 క్రెడిట్లు ఇంకెక్కడో పూర్తి కావాలి. నాకు ఎన్‌పీటీఈఎల్ (ఐఐటీలు నడిపే ఆన్‌లైన్ కోర్సులు) ద్వారా 12 క్రెడిట్లు, వేసవి క్లాసుల్లో 8 క్రెడిట్లు వచ్చాయి. రెగ్యులర్ క్లాసులు మాత్రం ఏ సెమిస్టర్‌లోనూ 20 క్రెడిట్లు దాటనివ్వలేదు.

వేసవి క్లాసుల సంగతి నాకు మొదట దెబ్బ తగిలాకే తెలిసింది. రెండో సెమిస్టర్‌లో ఒక మీట్‌కు, అంటే అథ్లెటిక్స్ పోటీలకు, వెళ్లి వచ్చి, తీరిగ్గా పది రోజుల తర్వాత ఓడీ (ఆన్ డ్యూటీ, పోటీకి వెళ్లిన రోజులకు హాజరు ఇమ్మని అడిగే) లెటర్ ఇచ్చాను. అప్పటికే కెమిస్ట్రీ ల్యాబ్ అటెండెన్స్ లాక్ చేసేశారు. నాకు 73 శాతం, కావాల్సింది 75. డిటెయిన్ చేశారు, అంటే పరీక్ష రాయనివ్వలేదు. హాస్టల్ మెట్ల మీద కూర్చుని అమ్మకు ఫోన్ చేసి ఏడ్చాను. ఆ ల్యాబ్ మళ్లీ చేయడానికి జూన్‌లో సమ్మర్ టర్మ్‌లో చేరాల్సి వచ్చింది. తీరా వెళ్తే క్లాసులో తొమ్మిది మందిమే. పొద్దున ల్యాబ్, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం ప్రాక్టీస్. మీట్‌లు లేవు, ఓడీల గొడవ లేదు. పైగా ఆ టర్మ్‌లోనే తర్వాతి ఏడాది కోర్సు ఒకటి, 4 క్రెడిట్లది, తీసుకోవచ్చని తెలిసింది. తీసుకున్నాను. మరుసటి వేసవిలో ఇంకో 4.

కాబట్టి మొట్టమొదట చేయాల్సింది క్రెడిట్ల లెక్క కాదు, మీ మీట్ క్యాలెండర్. ఒక పెద్ద చార్ట్ పేపర్ తెచ్చుకుని పన్నెండు నెలలూ గీయండి. ఎర్ర పెన్నుతో మీ పోటీలు రాయండి. అథ్లెటిక్స్‌లో మాకు ఇంటర్ యూనివర్సిటీ మీట్ సాధారణంగా డిసెంబరు, జనవరి ప్రాంతంలో పడుతుంది, సరిగ్గా ఎండ్ సెమ్ పరీక్షలు, కొత్త సెమిస్టర్ మొదలు కలిసే చోట. వేసవి దాకా మీట్‌లు సాగుతూనే ఉంటాయి. జులై నుంచి అక్టోబరు దాకా బేస్ ట్రైనింగ్, ఒళ్లు అలుస్తుంది కానీ ఊళ్లు తిరగడం ఉండదు. నా చార్ట్‌లో ఖాళీ అక్కడ కనిపించింది. మీ ఆటకు ఇంకోచోట కనిపించవచ్చు. ఆ చార్ట్ హాస్టల్ కప్‌బోర్డ్ తలుపుకు లోపలివైపు అంటించాను. బట్టలు తీసుకునేటప్పుడల్లా కళ్లబడేది.

తర్వాత నీలం పెన్నుతో సబ్జెక్టులు. ఇక్కడ చాలామంది పొరబడతారు. కొన్ని కోర్సులు బేసి సెమిస్టర్‌లోనే ఇస్తారు, కొన్ని సరి సెమిస్టర్‌లోనే. ఒకటి పాస్ కాకుండా ఇంకోటి తీసుకోనివ్వరు. ఏడో సెమిస్టర్‌లో ముగించాలంటే ఎనిమిదిలో మాత్రమే ఇచ్చే కోర్సు ఏదైనా ఉందేమో మొదటి ఏడాదిలోనే డిపార్ట్‌మెంట్ ఆఫీసులో అడగండి. ఉంటే దాన్ని ఆరులో చేయనిస్తారా, బదులు ఇంకో కోర్సు ఇస్తారా అని రాతపూర్వకంగా తీసుకోండి. ల్యాబ్‌లు వీలైనన్ని వేసవికి నెట్టండి. థియరీ క్లాస్ పోతే ఫ్రెండ్ నోట్స్‌తో గట్టెక్కవచ్చు, పోయిన ల్యాబ్ మళ్లీ రాదు.

ఎన్‌పీటీఈఎల్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మనలాంటి వాళ్లకు ఇంతకంటే అనుకూలమైనది లేదు. 12 వారాల కోర్సుకు సాధారణంగా 3 క్రెడిట్లు. జులైలో ఒక విడత, జనవరిలో ఒక విడత మొదలవుతాయి. మార్కుల్లో 25 శాతం అసైన్‌మెంట్లకు, 75 శాతం సెంటర్‌లో రాసే పరీక్షకు. 12 అసైన్‌మెంట్లలో బాగా వచ్చిన 8 మాత్రమే లెక్కలోకి తీసుకుంటారు. అంటే మీట్ ఉన్న వారం ఒకటి పోయినా నష్టం లేదు. నేను మూడో సెమిస్టర్‌లో రెండు, ఐదో సెమిస్టర్‌లో రెండు చేశాను, నాలుగూ జులై విడతలోనే. చివరి సెమిస్టర్‌కు ఒక్కటీ మిగల్చలేదు, ఫలితం ఆలస్యమైతే డిగ్రీ అక్కడే ఆగిపోతుంది. ఒక సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం దాకా స్వయం (కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక, ఎన్‌పీటీఈఎల్ కోర్సులు అందులోవే) ద్వారా చేయవచ్చని యూజీసీ 2021లో అనుమతించింది. అయినా ఏ కోర్సును దేనికి బదులుగా తీసుకుంటారన్నది మీ యూనివర్సిటీ ఇష్టం. ముందు ఒప్పుకున్నారా లేదా చూసుకుని, ఆ తర్వాతే పరీక్ష ఫీజు కట్టండి. అపార్ ఐడీ (విద్యార్థి గుర్తింపు సంఖ్య) కూడా ఆ వారమే చేసుకోండి, 12 అంకెలుంటుంది, క్రెడిట్లు అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో దాని కిందే చేరతాయి.

ఒకసారి భువనేశ్వర్ మీట్‌కు రైల్లో వెళ్తున్నాం. ఒంగోలులో బండి ఆగేది రెండు నిమిషాలు. అమ్మ ప్లాట్‌ఫాం మీద పులిహోర డబ్బా పట్టుకుని నిలబడింది. కిటికీలోంచి అందుకున్నాను, "తిన్నాక డబ్బా పారేయకు" అనే లోపు బండి కదిలింది. ఆ ప్రయాణంలోనే, విజయవాడ నుంచి రాజమండ్రి దాకా, ఇంటర్నల్స్‌కు ఉన్న ఇమ్యునాలజీ యూనిట్ ఒకటి పూర్తి చేశాను. రైల్లో వీడియోలు నమ్ముకోవద్దు, సిగ్నల్ ఉండదు. నోట్స్ ప్రింట్ తీసుకెళ్లండి. మీట్ అయ్యాక తిరుగు ప్రయాణంలో చదువుదామనుకోకండి, ఎవరూ చదవరు, నిద్రపోతారు.

ఓడీ విషయంలో నా తప్పు మీరు చేయొద్దు. మీట్‌కు ఎంట్రీ పంపిన రోజే పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సార్ సంతకం, సీల్ తీసుకోండి. బయల్దేరే ముందే ప్రతి సబ్జెక్ట్ టీచర్‌కూ మెయిల్ పెట్టండి, కాపీ ఫ్యాకల్టీ అడ్వైజర్‌కు. 45 క్లాసుల సబ్జెక్టులో 75 శాతం నిలవాలంటే 11 మాత్రమే పోగొట్టుకోవచ్చు. జ్వరానికి నాలుగు దాచిపెట్టుకుని మిగతావే మీట్‌లకు వాడండి, ఓడీ ఇస్తారని ధీమాగా ఉండొద్దు.

ఇక మామూలు డిగ్రీల వాళ్లకు. బీఏ, బీకాం, బీఎస్సీలకు యూజీసీ 2025 నియమాల్లో యాక్సిలరేటెడ్ డిగ్రీ ఉంది. మూడేళ్ల డిగ్రీ అయితే ఒక సెమిస్టర్, నాలుగేళ్లదైతే రెండు సెమిస్టర్ల దాకా తగ్గించుకోవచ్చు. క్రెడిట్లు మాత్రం ఒక్కటి కూడా తగ్గవు. సీట్లలో 10 శాతం మంది వరకే ఇవ్వొచ్చు, మొదటి లేదా రెండో సెమిస్టర్ చివర కమిటీ చూసి ఎంపిక చేస్తుంది. మీ కాలేజీ దీన్ని అమలు చేస్తోందా అని ఇప్పుడే కనుక్కోండి, మూడో సెమిస్టర్‌లో అడిగితే ఆలస్యమైపోతుంది.

అన్నిటికంటే జాగ్రత్తగా ఆలోచించాల్సింది ఒకటుంది. డిగ్రీ అయిపోతే ఇంటర్ యూనివర్సిటీ ఆడలేరు. రెగ్యులర్ స్టూడెంట్ అయ్యుండాలి, 25 ఏళ్లు దాటకూడదు. అమెరికాలో దీనికి చక్కటి దారి ఉంది. జో బర్రో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో మూడేళ్లలో డిగ్రీ ముగించి 2018లో ఎల్‌ఎస్‌యూకు (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) పీజీ విద్యార్థిగా వెళ్లి అక్కడ అమెరికన్ ఫుట్‌బాల్ ఆడాడు, 2019లో కాలేజీ ఫుట్‌బాల్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ గెలిచాడు. జేలెన్ హర్ట్స్ కూడా అలబామాలో 2018 డిసెంబరులో డిగ్రీ తీసుకుని ఓక్లహోమా తరఫున ఆడాడు. మనకు అలా డిసెంబరులో డిగ్రీ చేత పట్టుకుని జనవరిలో పీజీలో చేరడం చాలాచోట్ల కుదరదు, అడ్మిషన్లు ఎక్కువగా ఏడాది మధ్యలోనే. నేను ఏడో సెమిస్టర్‌తో ముగిస్తానన్నప్పుడు పీడీ సార్ స్టాఫ్‌రూంలో కూర్చోబెట్టి, "చివరి ఇంటర్ యూనివర్సిటీ పోతుంది, ఇంట్లో అడిగావా?" అన్నారు. వారం రోజులు నిద్ర పట్టలేదు. నాన్న మాత్రం "నీకు ఏది కావాలో నువ్వే చెప్పు, ఆటా, మెడలా?" అన్నారు. నాకు కావాల్సింది ఉద్యోగం, అది వచ్చాక ఇంకో ఐదేళ్లు పరిగెత్తడం. రైల్వే స్పోర్ట్స్ కోటాలో వయసు 18 నుంచి 25, సడలింపు లేదు. పై లెవెల్ పోస్టులకు డిగ్రీ అడుగుతారు. అందుకే వదులుకున్నాను. జనవరి నుంచి జూన్ దాకా పొద్దునా సాయంత్రం ట్రాక్ మీదే ఉన్నాను, 63.8 సెకన్ల నుంచి 61.9కి వచ్చాను. మీ యూనివర్సిటీ టీంలో మీరే మెయిన్ అయితే, ఆ మెడల్ సర్టిఫికెట్టే మీకు ఉద్యోగం తెచ్చేదైతే, ఎనిమిదో సెమిస్టర్ ఉంచుకోండి. అందులో ప్రాజెక్ట్ ఒక్కటే మిగుల్చుకున్నా సగం లాభం దక్కినట్టే.

ముగించాలనుకుంటే చివరి సెమిస్టర్ మొదలైన నెలలోనే కంట్రోలర్ ఆఫీసులో దరఖాస్తు ఇవ్వండి. కాన్వొకేషన్ బ్యాచ్‌తో పాటే ఉంటుంది, అప్పటిదాకా పనికొచ్చేది ప్రొవిజనల్ సర్టిఫికెట్, కన్సాలిడేటెడ్ మార్క్స్ షీట్. స్పోర్ట్స్ కోటా ట్రయల్స్ ప్రకటన ఎప్పుడు పడుతుందో తెలియదు కాబట్టి రెండూ స్కాన్ చేసి ఫోన్‌లో ఉంచుకోండి. నాకు ప్రకటన వచ్చేసరికి చివరి తేదీకి ఆరు రోజులే ఉంది. ఒంగోలులో ఇంటి దగ్గరున్న నెట్ సెంటర్లో కూర్చుని ఆ సాయంత్రమే పంపేశాను.