సంతలో పది రూపాయల బిళ్ల మాయం చెయ్యడం

పర్లాకిమిడి, రాయగడ వైపు సంతల్లో జనం మూడు పక్కలా మూగుతారు. పక్కన నిలబడ్డవాడికి అరచెయ్యి కనబడితే ఆట అక్కడితో సరి. అందుకే వెనక గోడ ఉన్న చోటు చూసుకుని, బిళ్ల దాచిన అరచేతిని మీ ఒంటివైపే ఉంచండి.

పది రూపాయల బిళ్ల తీసుకోండి: 27 మిల్లీమీటర్లు, 7.71 గ్రాములు. పన్నెండు అంచుల ఇరవై రూపాయలదీ అంతే వెడల్పు గానీ, నేర్చుకునేటప్పుడు గుండ్రటిదే మేలు. ఎటు తిరిగినా పట్టు మారదు.

బిళ్లను మధ్యవేలు, ఉంగరపువేలి కొసల మీద పెట్టి అరచేతిలోకి నొక్కండి. బొటనవేలి మొదట్లోని కండకీ, చిటికెనవేలి కింది కండకీ మధ్య దాని అంచులు ఇరుక్కోవాలి. బొటనవేలు కాస్త లోపలికి కదిలితే చాలు. వేళ్లు కర్రల్లా బిగుసుకున్నాయంటే అవసరానికి మించి నొక్కుతున్నట్టే.

ఎడమచేతికి ఇస్తున్నట్టు కుడివేళ్లు ఆ అరచేతిని తాకే క్షణంలోనే నొక్కు పూర్తవ్వాలి. తర్వాత కుడిచెయ్యి గబుక్కున వెనక్కి లాక్కోకండి. ఎక్కువమంది దొరికిపోయేది ఇక్కడే. చూపు ఎడమ పిడికిలి వెంటే పోవాలి. ఆ పిడికిట్లో బిళ్ల పట్టేంత చోటు వదలండి, గట్టిగా మూస్తే ఖాళీ అని తెలిసిపోతుంది.

కోరాపుట్ చలికి చెయ్యి ఎండిపోతే బిళ్ల నిలవదు, ముందే అరచేతిలోకి ఊపిరి వదలండి. బరంపురం ఉక్కలో చెమట ఎక్కువైతే చెయ్యీ బిళ్లా రెండూ తుడవండి. మధ్యలో జారుతోందనిపిస్తే ఆపడానికి తంటాలు పడకుండా, ముడిచిన వేళ్ల మొదట్లోకి జారనిచ్చి అక్కడే పట్టుకోండి.