లోడ్ చేసిన రైఫిల్ పట్టుకుని చేలల్లో, గుట్టల్లో నడవడం ఎలా?

ముందే చెప్పేస్తాను, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశంలో సరదాకి వేటాడటం నేరం, లైసెన్స్ తుపాకీ ఉంది కదా అని అనంతగిరి వైపు అడవిలోకి వెళ్లిపోవడం కుదరదు. హైదరాబాద్ నుంచి వెళ్లే లైసెన్స్ షూటర్లకు మిగిలింది ఒక్కటే, అడవిపందులు మక్కజొన్నను తొక్కి పాడుచేస్తున్న ఊళ్లో అటవీ శాఖ అనుమతి ఇచ్చినప్పుడు వెళ్లడం. టెక్సస్‌లో ఉన్న అన్నయ్య పిలిచాడని అక్కడ పందుల వేటకు వెళ్లేవాళ్లూ ఉన్నారు, అక్కడి రూల్స్ వేరు, కానీ రైఫిల్ మోసే పద్ధతి ఎక్కడైనా ఇదే.

గచ్చిబౌలి షూటింగ్ రేంజ్‌లో ఎంత బాగా కాల్చినా సరే, ఇది మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. రేంజ్‌లో మీరు నిలబడ్డ చోటు నుంచి కదలరు, మనుషులంతా గీతకు ఇవతలే ఉంటారు. చేలో చీకటి, బురద, గట్లు, పక్కన దారి చూపించే రైతు, అన్నీ కదులుతూనే ఉంటాయి.

మొదటి పని: నడిచేటప్పుడు ఛాంబర్ (తూటా పేలే గది) ఖాళీగా ఉంచండి

లోడ్ చేసిన రైఫిల్‌తో నడవడంలో అసలు కిటుకు ఏంటంటే, అలా నడవాల్సిన సమయాన్ని వీలైనంత తగ్గించుకోవడం. కారు దగ్గర వెలుతురు ఉండగానే, మూతిని (గుండు బయటికొచ్చే కొసను) మనుషులు లేని వైపు నేలకు తిప్పి, మ్యాగజైన్‌లో (తూటాలు నిలవ ఉండే పెట్టెలో) తూటాలు పెట్టండి. పై తూటాను బొటనవేలితో కిందికి నొక్కి పట్టుకుని, బోల్ట్‌ను (ఛాంబర్‌ను వెనక నుంచి మూసే కడ్డీని) దాని మీదుగా ముందుకు తోసి మూసేయండి. బోల్ట్ తూటాను పట్టుకోకుండా పైనుంచి జారిపోవడం మీ కళ్లతో చూడాలి, చప్పుడు విని సరే అనుకోకూడదు. 315 బోర్ లాంటి బోల్ట్ రైఫిల్‌కు తూటాను ఛాంబర్‌లోకి ఎక్కించడానికి ఒకట్రెండు సెకన్లు చాలు, కాబట్టి పంది కనబడితే లేటవుతుందేమో అన్న టెన్షన్ అక్కర్లేదు. మాటు వేసే చోటికి చేరి, తోటివాళ్లు ఎక్కడున్నారో చూసుకున్నాకే ఎక్కించండి. మళ్లీ లేచి నడవాల్సి వస్తే దించేయండి.

సేఫ్టీ వేసి ఉంచండి, కానీ దాన్ని నమ్ముకోకండి. చాలా డబుల్ బ్యారెల్ తుపాకుల్లో సేఫ్టీ ట్రిగ్గర్‌నే ఆపుతుంది, లోపలి సుత్తిని కాదు, గట్టిగా కింద పడితే పేలే ప్రమాదం ఉంది. వేలు మాత్రం ట్రిగ్గర్ గార్డ్ బయట, చెక్క పొడవునా చాపి ఉండాలి, గురి చూసేదాకా అక్కడే.

మూతి ఎటు ఉంది?

రైఫిల్ మూతి నుంచి ఎప్పుడూ టార్చిలైటు వెలుగు వస్తోందనుకోండి, ఆ వెలుగు మనిషి కాలి మీద కూడా పడకూడదు. పైకి ఉంటే చాలు అనుకోవద్దు, పైకి పోయిన గుండు ఎక్కడో ఒకచోట దిగాల్సిందే. పెళ్లి బరాత్‌లో గాల్లోకి పేల్చి ఇతరుల ప్రాణాల మీదికి తెచ్చేవాళ్లకు 2 ఏళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడేలా 2019లో ఆయుధ చట్టాన్ని మార్చింది అందుకే. చిన్న .22 గుండు కూడా కిలోమీటరున్నర దాటి పోగలదు, .30-06 లాంటి పెద్ద రైఫిల్ గుండు అయితే మూడు కిలోమీటర్లు దాటుతుంది. మన వైపు గుట్టల్లో బండరాయికి తగిలితే ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు.

నాకు అన్నిటికంటే నమ్మకమైన పట్టు రెండు చేతులది: కుడి చెయ్యి బట్ (భుజానికి ఆనించే వెనక చెక్క) మెడ దగ్గర, ఎడమ చెయ్యి ముందు చెక్క కింద, రైఫిల్ ఛాతీకి అడ్డంగా, మూతి ఎడమవైపు పైకి. జారినా, ముల్లు గుచ్చుకున్నా మూతి మీ చేతుల్లోనే ఉంటుంది. స్లింగ్‌తో (పట్టీతో) భుజాన వేసుకోవడం సుఖమే, ఖాళీ రైఫిల్‌కు తప్పు లేదు. కానీ సర్కారు తుమ్మల కింద నుంచి వంగి వెళ్లాల్సి వచ్చిందనుకోండి, మీరు వంగగానే వీపు మీది రైఫిల్ కూడా వంగుతుంది, మూతి సరిగ్గా ముందు నడిచేవాడి మెడకు గురి అవుతుంది, అది మీకు కనబడదు కూడా. సినిమాల్లోలా భుజం మీద అడ్డంగా పెట్టుకుంటే వెనకవాడి మొహానికి గురి, దాన్ని పూర్తిగా మానేయండి.

వరుసలో నడిస్తే ముందువాడి మూతి ముందుకు, మధ్యవాడిది పక్కకు, చివరివాడిది వెనక్కి. పక్కపక్కన నడిస్తే ఎడమవైపు వాళ్లది ఎడమకు, కుడివైపు వాళ్లది కుడికి. చాలాసార్లు ముందు నడిచేది పొలం రైతు. “నా వెనకాలే రా సార్” అని నమ్మి, మీకు వీపు చూపిస్తూ నడిచే మనిషి ఆయన. ఆయన వెనక నడిచినంతసేపూ ఛాంబర్‌లో తూటా ఉండనే కూడదు, ఇందులో నేను ఎవరి మాటా వినను.

కంచె, కరెంటు వైరు, మంచె

కడీల మధ్య ముళ్లతీగ కంచె దాటాలంటే: తూటాలన్నీ తీసేసి, బోల్ట్ తెరిచి ఉంచి, రైఫిల్‌ను కింది తీగ కింద నుంచి అవతలికి, మూతి మీకు దూరంగా ఉండేలా, తువ్వాలు మీద పడుకోబెట్టండి. తర్వాత బట్ వైపు నుంచి మీరు దాటి, వెనక నుంచే తీసుకోండి. ఇద్దరున్నా సరే, మూతి పట్టుకుని తుపాకీని ఎవరూ లాక్కోకూడదు. పందుల కోసం కొందరు పొలం చుట్టూ దొంగచాటుగా కరెంటు తీగలు పెడతారు, వాటికి తగిలి మనుషులు చనిపోయారు, మీ చేతిలో ఉన్నది పొడవాటి ఇనుము. ఏ పక్క పొలంలో వైరుందో ఊళ్లో అడిగి తెలుసుకోకుండా చీకట్లో అడుగు పెట్టకండి.

మంచె ఎక్కేటప్పుడు రైఫిల్‌ను వెంట మోయకండి. ఖాళీ చేసి తాడుకు కట్టి, మూతి కిందికి ఉండేలా, మీరు పైకి చేరాక లాక్కోండి. కింద ఎవరూ నిలబడకూడదు.

పడిపోతే ముందు మూతిని మనుషుల నుంచి పక్కకు తిప్పండి, మోకాలు చెక్కుకుపోయినా పర్లేదు. లేచాక తూటాలు తీసి, బోల్ట్ బయటికి లాగేసి, బ్యారెల్‌లోకి వెనక నుంచి టార్చ్ వెలుగులో చూడండి. మట్టి చిన్న ముద్దే ఉన్నా కాలిస్తే బ్యారెల్ పగలొచ్చు.

కారు ఎక్కే ముందు

డోర్ తెరవకముందే బోల్ట్ తెరిచి, మ్యాగజైన్ ఖాళీ చేసి, చిటికెన వేలు ఛాంబర్‌లో పెట్టి తడిమి చూడండి, చీకట్లో కళ్లకంటే వేలే నయం. తర్వాత తూటాలు లెక్కపెట్టండి: తెచ్చినవి ఎన్ని, కాల్చినవి ఎన్ని, చేతిలో ఉన్నవి ఎన్ని. ఒక్కటి తక్కువైనా, అది దొరికేదాకా రైఫిల్ కవర్‌లోకి వెళ్లకూడదు, కారు కదలకూడదు.