కూరగాయల ఫోటోలో రంగు మారకుండా ఉండాలంటే

రైతు బజార్‌కి వెళ్లినప్పుడు తాజా కూరగాయల ఫోటోలు తీసే అలవాటున్నవాళ్లకి ఒక మాట, ముందు తల పైకెత్తి చూడండి. మెహదీపట్నం అయినా ఎర్రగడ్డ అయినా, ఎండ తగలకుండా పైన నీలం పట్టా కట్టి ఉంటే ఆ రంగంతా కింద టమాటాల మీదా గోంగూర మీదా పడుతుంది, మన కంటికి అంతా బాగానే కనిపిస్తుంది గానీ ఫోన్‌లో మాత్రం టమాటా వాడిపోయినట్టు వస్తుంది. తర్వాత ఫిల్టర్లు వేసినా పూర్తిగా సరికాదు. కొన్నాక సంచిని పట్టా దాటించి, నేరుగా ఎండ పడకుండా ఆకాశం వెలుతురు మాత్రం వచ్చేచోట తీయండి. అసలు రంగు అక్కడే వస్తుంది.

వంకాయల లెక్క వేరు. తొక్క నిగనిగలాడుతుంది కాబట్టి ఫ్లాష్ వేస్తే తెల్లటి మచ్చ పడుతుంది. ఇంటికి తెచ్చి కిటికీ పక్కన పెట్టి, స్క్రీన్ మీద కాయని నొక్కి వెలుతురు కాస్త తగ్గించండి, ముచ్చిక మీది సన్న ముళ్లు కూడా స్పష్టంగా కనిపిస్తాయి. నాకు ఆ ముళ్లే ఇష్టం, ముచ్చిక పచ్చగా ఉండి అవి గుచ్చుకుంటుంటే కాయ తాజాదన్నమాట. అలాంటివే గుత్తి వంకాయకి తీసుకోండి.

మిద్దె తోట ఉంటే పొద్దున్నే తీయండి, ఎండెక్కితే ఆకులు వాలిపోతాయి. బజార్లో మాత్రం "అమ్మా, ఒక ఫోటో తీసుకోనా" అని అడిగి తీయండి, అది కూడా గిరాకీ లేనప్పుడు.