కొత్త దేశం, అద్దె ఇల్లు: స్మార్ట్ పరికరాలు ఎవరి మాట వింటున్నాయి?

పరాయి దేశంలో అద్దె ఇంట్లోకి దిగిన రోజున తలుపు తాళాలు అందరమూ సరిచూసుకుంటాం. గోడ మీద ఉండి హీటర్‌ను నడిపే థర్మోస్టాట్ జోలికి ఎవరూ పోరు, నేనూ పోలేదు. రెండో వారం నుంచి అర్ధరాత్రి పూట హీటర్ దానంతట అదే ఆగిపోవడం మొదలైంది. మెకానిక్ వచ్చి చూసి లోపమేమీ లేదన్నాడు. నాకు ముందు ఆ ఇంట్లో ఉన్నాయన ఖాళీ చేసి వెళ్లినా, ఆ పరికరం ఇంకా ఆయన ఖాతాలోనే ఉందని తర్వాత తేలింది. భవనానికంతటికీ ఒకటే వైఫై కాబట్టి దాని కనెక్షన్ తెగలేదు. ఆయన తన కొత్త ఇంటి హీటర్ అనుకుని రాత్రి పడుకోబోయే ముందు నా హీటర్‌ను ఆపేస్తున్నాడు!

ఇది ఎలా సాధ్యమో తెలియాలంటే లోపల ఏం జరుగుతుందో కొంచెం తెలుసుకోవాలి. పాత పద్ధతి ఇంటర్నెట్ చిరునామాలు మొత్తం సుమారు 430 కోట్లే. అవి అందరికీ చాలవు కాబట్టి, ఇంట్లోని పరికరాలకు రౌటర్ 192.168తో మొదలయ్యేలాంటి లోపలి చిరునామాలు ఇస్తుంది. బయటివాళ్లు ఆ చిరునామాను నేరుగా చేరలేరు. అందుకే బల్బు గానీ కెమెరా గానీ తనే ముందుగా తయారీ కంపెనీ సర్వర్‌ను పలకరించి, ఆ లైను తెరిచే ఉంచుతుంది. మీ ఫోన్‌లోని యాప్ కూడా వెళ్లేది ఆ సర్వర్ దగ్గరికే. మీరు మీట నొక్కితే ఆదేశం అక్కడికి వెళ్లి, తెరిచి ఉన్న లైను మీదుగా ఇంటికి వస్తుంది. చాలా పరికరాల్లో, పక్క గదిలో దీపం ఆర్పాలన్నా ఇంత ప్రయాణం తప్పదు.

ఆ సర్వర్‌కు ఇల్లు ఎవరిదో, అద్దె ఎవరు కడుతున్నారో తెలియదు. దానికి తెలిసింది ఖాతా ఒక్కటే. వైఫై పాస్‌వర్డ్ మారిస్తే లైను తెగుతుంది గానీ, చాలావాటిలో యాజమాన్యం మారదు. కాబట్టి తాళంచెవులు తీసుకునేటప్పుడే, ఇంట్లో ఏయే పరికరాలు ఇంటర్నెట్‌కు కలిసి ఉన్నాయో, ఏది ఎవరి ఖాతాలో ఉందో యజమానిని అడిగి రాయించుకోండి. మీకు వదిలేసినవాటిని ఫ్యాక్టరీ రీసెట్ చేసి, అంటే కొన్నప్పటి స్థితికి తెచ్చి, మీ ఖాతాలో చేర్చుకోండి. కొన్ని తాళాలు, కెమెరాలు రీసెట్ చేసినా లొంగవు, పాత ఖాతాదారు తన యాప్‌లోంచి తొలగించాల్సిందే. యజమాని సొంత పరికరాలను అడగకుండా ముట్టుకోవద్దు. కానీ ఇంటి లోపల కెమెరా ఉంటే మాత్రం తీసేయమని అడగడానికి మొహమాటపడకండి.

కొత్తగా వచ్చినవాళ్లు ఎక్కువగా బోల్తాపడేది ఫోన్ నంబర్ దగ్గర. స్వదేశంలో అమ్మానాన్నల ఇంటి గుమ్మం దగ్గర కెమెరా పెట్టి వస్తారు, ఖాతా పాత సిమ్ నంబర్‌తో ఉంటుంది. కొన్ని నెలలకు రీచార్జి మరిచిపోతే సిమ్ ఆగిపోతుంది. ఫోన్ మార్చిన రోజున ఓటీపీ ఆ చచ్చిన నంబర్‌కే పోతుంది. సిమ్ బతికి ఉండగానే ఖాతాను ఈమెయిలుకో కొత్త నంబర్‌కో మార్చుకుని, రెండంచెల లాగిన్‌కు కోడ్‌లు ఇచ్చే యాప్ పెట్టుకోండి. ఖాతాలో దేశం పేరు మాత్రం ఊరికే మార్చకండి. కొన్ని కంపెనీలకు ఒక్కో ప్రాంతానికి వేరే సర్వర్లుంటాయి, దేశం మారిస్తే పాత పరికరాలు యాప్‌లో కనిపించకుండా పోవచ్చు.

స్వదేశం నుంచి స్మార్ట్ ప్లగ్ తెచ్చుకుంటే వోల్టేజి చూసుకోండి. చాలా పరికరాలు 5 గిగాహెర్ట్జ్ వైఫైతో కాక 2.4 గిగాహెర్ట్జ్ వైఫైతోనే కలుస్తాయన్నది కూడా గుర్తుంచుకుంటే ఒక సాయంత్రం మిగులుతుంది.

‘రౌటర్‌లో పోర్ట్ తెరువు, కెమెరా నేరుగా కనిపిస్తుంది’ అని సలహా ఇచ్చే మిత్రుడు ప్రతి ఊళ్లోనూ ఒకడుంటాడు. వినకండి. పోర్ట్ అంటే బయటివాళ్లు రౌటర్ దాటి లోపలికి రాగల ద్వారం. అలా తెరిస్తే మీకు కనిపించేది లోకమంతటికీ కనిపిస్తుంది. 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రామ్ పట్టుకున్నది ఇలాంటి కెమెరాలనూ రౌటర్లనూ. వాటికి ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డ్‌లు ఎవరూ మార్చలేదు. ఆ అక్టోబర్‌లో, వెబ్‌సైట్ల పేర్లకు ఇంటర్నెట్ చిరునామాలు చూపించే డైన్ అనే సంస్థ మీద వాటితో జరిగిన దాడికి ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ చాలామందికి అందకుండా పోయాయి. ఊహించడం తేలికైన అలాంటి పాస్‌వర్డ్‌లతో పరికరాలు అమ్మడాన్ని బ్రిటన్ 2024 ఏప్రిల్ 29 నుంచి నిషేధించింది. పైగా అనేక కనెక్షన్లలో ఒకే బయటి చిరునామాను చాలా ఇళ్లు పంచుకుంటాయి, అక్కడ పోర్ట్ తెరిచినా ఫలితముండదు. కంపెనీ సర్వర్ వద్దనుకుంటే వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ (బయటినుంచి ఇంటికి రహస్య దారి వేసే ప్రోగ్రామ్) ద్వారా ఇంటి నెట్‌వర్క్‌లోకి వెళ్లడం మేలు. అది కాస్త ఓపికతో కూడిన పని.

సామాను సర్దుకున్నాక ఒక పరీక్ష చేయండి. రౌటర్‌కు బయటినుంచి వచ్చే తీగను పీకి, ఏవి పనిచేస్తున్నాయో చూడండి. వేర్వేరు కంపెనీల పరికరాలు కలిసి పనిచేయడానికి 2022లో వచ్చిన మ్యాటర్ ప్రమాణాన్ని పాటించే పరికరాలు ఇంటి నెట్‌వర్క్‌లోనే ఆదేశాలు అందుకోగలవు. మిగతావి మూగబోవచ్చు. స్మార్ట్ తాళం ఉన్న ఇల్లయితే మామూలు తాళంచెవి కూడా ఒకటి అడిగి తీసుకోండి.

నా థర్మోస్టాట్‌ను ఆ పాతాయన తన యాప్‌లోంచి తీసేయడానికి నిమిషం కూడా పట్టలేదు. ఆయన ఎక్కడున్నాడో కనుక్కోవడానికే పది రోజులు పట్టింది. ఆ ఇల్లు ఖాళీ చేసిన రోజు నేను చివరి పెట్టె కారులో పెట్టి, గుమ్మంలో నిలబడి పరికరాలన్నింటినీ నా ఖాతాలోంచి తీసేశాకే తాళంచెవులు అప్పగించాను.