మీ గేమ్‌లో జెయింట్‌ని పెట్టాలంటే

ముందు సైజు సంగతి పక్కన పెట్టండి. నార్స్ (పాత స్కాండినేవియా) పురాణ కథల్లో యోతున్‌లు, అంటే జెయింట్లు, అందరూ కొండంత మనుషులేం కాదు, దేవతలతో పెళ్లిళ్లు చేసుకున్నవాళ్లూ ఉన్నారు (స్కాడి అనే యోతున్ అమ్మాయి న్యోర్డ్ అనే దేవుణ్ని కట్టుకుంది, కాపురం సాగలేదనుకోండి). డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే రోల్-ప్లేయింగ్ గేమ్‌లో ఫైర్ జెయింట్ల దేవుడు సుర్టర్ కూడా ఆ కథల్లోని ముస్పెల్ అగ్నిలోకపు సుర్ట్ నుంచి వచ్చినవాడే.

నా ఓటు మాత్రం ఉట్గార్డ-లోకి అనే యోతున్ రాజుకి. అతను తన కోటకొచ్చిన ఉరుముల దేవుడు థోర్‌తో కొట్లాడడు, మాయ చేస్తాడు: తాగమని ఇచ్చిన కొమ్ము రెండో కొస సముద్రంలో ఉంటుంది, ఎత్తమన్న పిల్లి నిజానికి భూమిని చుట్టుకున్న పాము, కుస్తీకి దిగిన ముసలమ్మ సాక్షాత్తూ ముసలితనమే. మీరూ ఇలాంటి పందేలే పెట్టండి, ఆటగాళ్లు ఓడిపోయి కోట దాటాకే గుట్టు విప్పండి. ఒళ్లుమండి ఆయుధం ఎత్తేసరికి కోట మాయం!